ఉల్కల న్యాయవాది క్లాడ్నీ

వేసవి వచ్చిందంటే ఆదిలాబాద్ అడవి అంచు గూడేలలోను, కరీంనగర్ పల్లెలలోను మంచాలు వాకిళ్లలోకి వస్తాయి. పగలంతా కాగిన నేల చల్లబడేదాకా నిద్ర పట్టదు. వెల్లకిలా పడుకొన్నవారికి ఆకాశం తప్ప చూడదగినది మరొకటి ఉండదు. అటువంటి రాత్రులలో ఎప్పుడో ఒకసారి ఒక దిక్కున నిప్పుముద్ద వంటి వెలుగు పుడుతుంది. చెట్ల నీడలు నేల మీద పరుగెత్తేటట్లు కాంతిని చిమ్ముతూ, వెనుక తోకను సాగదీసుకొంటూ మరొక దిక్కుకు పోయి ఆరిపోతుంది. అంతా నాలుగైదు క్షణాల పని. పక్కవారిని లేపేలోగా ఆకాశం మళ్లీ మామూలుగా ఉంటుంది. చూసినవాడు మర్నాడు రచ్చబండ దగ్గర చెబుతాడు, చూడనివాడు నవ్వుతాడు. పెద్దవాళ్లు మాత్రం చుక్క రాలిందని, ఎవరో పుణ్యాత్ముడు పోయి ఉంటాడని అంటారు.

ఈ వెలుగు ఉల్క. శుక్రగ్రహం కంటె మిక్కిలి ప్రకాశించే ఉల్కను అగ్నిగోళం అంటారు. మన పూర్వులకు ఇది కొత్త దృశ్యం కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. వాటిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని అయిదు విధాలుగా విభజించాడు. వీటిలో అశని మహాధ్వనితో వచ్చి నేలను చీల్చుకొని పడుతుందని వర్ణించాడు. ఆయన వాటిని శకునాలుగా భావించిన మాట నిజమే. అయినా ఆకాశం నుండి బరువైనది ఏదో శబ్దంతో పడుతుందన్న సంగతిని ఆయన సందేహించలేదు.

సందేహం వచ్చింది పద్దెనిమిదవ శతాబ్దపు ఐరోపా పండితులకు. ఉల్కలు గాలిలోని ఆవిరులు మండడం వల్ల కలుగుతాయని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. గ్రహాల మధ్యనున్న ప్రదేశం శూన్యమని న్యూటన్ భావించాడు. శూన్యం నుండి రాళ్లు ఎలా వస్తాయి? కాబట్టి రాళ్లు పడ్డాయని చెప్పే రైతులు భ్రమపడ్డారనో, బొంకుతున్నారనో అనుకోవడం విద్యావంతుల లక్షణమైపోయింది. 1768లో ఫ్రాన్సులోని లూసే గ్రామంలో ఒక రాయి పడింది. దానిని పరీక్షించిన వారిలో ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడైన లవోయిజర్ కూడ ఉన్నాడు. అది భూమి మీది రాయేనని, పిడుగు తగిలి మాడిందని వారు తేల్చారు. 1790 జూలైలో అదే దేశపు నైరుతి భాగాన బార్బొటాన్ ప్రాంతంలో అగ్నిగోళం పగిలి రాళ్లవాన కురిసింది. చూసినవారు వందల సంఖ్యలో ఉన్నారు. ఊరి పెద్దలు సంతకాలతో నివేదిక పంపారు. ఒక పురపాలక సంఘమంతా కట్టుకథను ధ్రువీకరించవలసిన దుస్థితి వచ్చిందని పండితులు జాలిపడ్డారు!

చూసినవారి మాటకు ఈ విధంగా విలువ లేకుండా పోయిన కాలంలో, ఆ మాటను పట్టించుకొని, తూచి, దానికి శాస్త్రంలో స్థానం కల్పించినవాడు ఎర్న్‌స్ట్ క్లాడ్నీ. ఆయన ఖగోళశాస్త్రజ్ఞుడు కాడు. న్యాయశాస్త్రం చదివినవాడు.

క్లాడ్నీ 1756 నవంబరు 30న జర్మనీలోని విట్టెన్‌బర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడు. క్రమశిక్షణ పేరిట కొడుకును గడప దాటనిచ్చేవాడు కాడు. తోటి పిల్లలతో ఆటలు, ఊరి చివర తిరుగుళ్లు ఆ బాలునికి తెలియవు. గదిలో కూర్చుని దూరదేశాల యాత్రాగ్రంథాలు చదువుకొనేవాడు. జీవితమంతా ఊరూరా తిరుగుతూ గడిపిన మనిషికి ఇటువంటి బాల్యం ఉండడం వింతగా తోస్తుంది గాని, ఆలోచిస్తే వింత ఏమీ లేదు. వైద్యమో, ప్రకృతిశాస్త్రమో చదవాలని ఉన్నా తండ్రి ఇష్టం మేరకు విట్టెన్‌బర్గ్‌లోను, లైప్‌జిగ్‌లోను న్యాయశాస్త్రం అభ్యసించి 1782లో పట్టా పొందాడు. ఆ రోజులలోనే తండ్రి మరణించాడు. క్లాడ్నీ న్యాయవాద వృత్తిని పక్కన పెట్టి, తనకు ప్రీతిపాత్రమైన సంగీతం వైపు, ధ్వనిశాస్త్రం వైపు మళ్లాడు.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఆయన పేరు ధ్వని పాఠంలో తగులుతుంది. ఒక లోహపు రేకు మీద సన్నని ఇసుక చల్లి, దాని అంచును వయొలిన్ కమానుతో రాస్తే రేకు కంపిస్తుంది. కదిలే చోటి నుండి ఇసుక తొలగిపోయి, కదలని అస్పందన రేఖల మీద పోగవుతుంది. చూస్తూండగానే నక్షత్రాలు, వలయాలు, ముగ్గుల వంటి ఆకృతులు ఏర్పడతాయి. చెవికి మాత్రమే తెలిసే ధ్వనిని కంటికి చూపించిన ఈ ప్రయోగాన్ని 1787లో ఒక గ్రంథంగా ప్రకటించాడు. తరువాత గాజు కడ్డీలను తడివేళ్లతో రాసి వాయించే యూఫోన్ అనే వాద్యాన్ని కనిపెట్టాడు. ఏ విశ్వవిద్యాలయంలోను ఆయనకు ఉద్యోగం దొరకలేదు. వాద్యాన్ని, రేకులను బండిలో వేసుకొని నగరం నుండి నగరానికి వెళ్లి, ప్రసంగాలు చేసి, వచ్చిన రుసుముతో బతికాడు. పెళ్లి చేసుకోలేదు.

అటువంటి ప్రయాణాలలో ఒకటి 1793 ప్రారంభంలో ఆయనను గొట్టింగెన్‌కు చేర్చింది. అక్కడి భౌతికశాస్త్ర ఆచార్యుడు లిష్టెన్‌బర్గ్ రెండేళ్ల కిందట స్వయంగా ఒక అగ్నిగోళాన్ని చూసి ఉన్నాడు. ఇద్దరి మాటలు ఆ వెలుగు మీదికి మళ్లాయి. అది మెరుపు వంటిదా, వాయువులు మండడమా, లేక బయటి నుండి వచ్చే పదార్థమా అన్న ప్రశ్నకు లిష్టెన్‌బర్గ్ దగ్గర నిశ్చయమైన జవాబు లేదు. బయటి పదార్థమై ఉండవచ్చునని మాత్రం ఒక మాట జారవిడిచాడు. క్లాడ్నీ ఆ మాటను వదలలేదు. ప్రసంగయాత్రను ఆపి మూడు వారాల పాటు గొట్టింగెన్ గ్రంథాలయంలో కూర్చున్నాడు. పాత చరిత్రలు, యాత్రికుల రాతలు, చర్చి దస్తావేజులు, విద్వత్సభల నివేదికలు తిరగవేశాడు. చివరకు ఆయన ముందు 24 అగ్నిగోళాల వర్ణనలు, రాళ్లో ఇనుమో పడినట్లు చెప్పే 18 కథనాలు పోగయ్యాయి.

తండ్రి బలవంతాన చదివిన న్యాయశాస్త్రం ఇక్కడ అక్కరకు వచ్చింది. ప్రకృతిశాస్త్రజ్ఞుడు వస్తువును పరీక్షిస్తాడు; న్యాయవాది సాక్షిని పరీక్షిస్తాడు. క్లాడ్నీ సాక్షులను పరీక్షించాడు. ఈ మాట చెప్పినవాడు ఎవడు? అబద్ధమాడితే అతనికి కలిగే లాభమేమి? మరొక ఊరివాడు చెప్పినదానితో ఇది కలుస్తున్నదా? వేరువేరు దేశాలలో, వేరువేరు శతాబ్దాలలో, ఒకరి భాష ఒకరికి తెలియని మనుషులు ఒకే క్రమాన్ని చెబుతున్నారు: మొదట కళ్లు చెదిరే వెలుగు, కొంతసేపటికి ఫిరంగుల వంటి మోత, ఆ తరువాత నల్లని పెంకు కట్టిన రాయి. కూడబలుక్కొని చెప్పే వీలు లేనివారి మాటలు ఇంతగా కలిస్తే వాటిని తోసిపుచ్చడానికి న్యాయస్థానం ఒప్పుకోదు. ఒక ఉదాహరణ చాలు. 1751 మే 26న క్రొయేషియాలోని హ్రష్చినా గ్రామంలో రెండు ఇనుప ముద్దలు పడ్డాయి. బిషప్ కచేరీవారు వెళ్లి ఏడుగురు సాక్షుల చేత ప్రమాణం చేయించి వాఙ్మూలాలు రాయించారు. ఆ కాగితాలు వియన్నాలో దాదాపు నలభై ఏళ్లు పడి ఉన్నాయి. 1790లో వాటిని బయటపెట్టిన పండితుడు కూడ అటువంటి కథలను నమ్మడం తగదని రాశాడు. అవే కాగితాలు క్లాడ్నీకి బలమైన ఆధారమయ్యాయి.

మరొక ఆధారం సైబీరియా నుండి వచ్చింది. క్రస్నోయార్‌స్క్‌కు దక్షిణాన కొండ మీద ఒక కమ్మరి 1749లో ఇనుపరాయిని చూశాడు. దాదాపు 700 కిలోల బరువు. స్పంజిక వలె రంధ్రాలతో ఉండి, ఆ రంధ్రాలలో పసుపుపచ్చని గాజు వంటి ఖనిజం నిండి ఉంది. 1772లో పాలస్ అనే శాస్త్రజ్ఞుడు దానిని చూసి లోకానికి తెలియజేశాడు. అది ఆకాశం నుండి పడిందని స్థానిక తాతారులు పూజించేవారు. ఆ చుట్టుపట్ల అగ్నిపర్వతం లేదు. అటువంటి లోహాన్ని కొలిమిలో తయారు చేయగల నేర్పు ఆనాడు ఎవరికీ లేదు. పిడుగు అంత ఇనుమును కరిగించలేదు. అన్ని దారులు మూసుకొనిపోగా మిగిలినది ఆ తాతారుల మాటే.

1794లో 63 పుటల చిన్న పుస్తకం వెలువడింది. అగ్నిగోళాలు, ఆకాశం నుండి పడే రాళ్లు, ఇనుప ముద్దలు వేరువేరు కావని, గ్రహాల మధ్య తిరుగాడే శకలాలు భూవాయుమండలంలో ప్రవేశించి వేడెక్కి వెలుగుతాయని, మిగిలినవే నేల చేరుతాయని అందులో క్లాడ్నీ ప్రతిపాదించాడు. అగ్నిగోళాల వేగం భూమ్యాకర్షణ మాత్రమే కలిగించగల వేగాన్ని మించి ఉండడం ఆయన ప్రధాన వాదం. ఆ పాలస్ ఇనుమును ఆయన అప్పటికి కంటితో చూడనైనా లేదు!

పుస్తకానికి దక్కినది పరిహాసం. ప్రేరణ ఇచ్చిన లిష్టెన్‌బర్గే మొదట చదివినప్పుడు అటువంటి రాయి ఒకటి తన నెత్తిన పడినట్లు అనిపించిందని, క్లాడ్నీ దీనిని రాయకుండా ఉంటే బాగుండేదని అన్నాడట. ద లూక్ అనే పండితుడు ఇంకొక అడుగు వేసి, రాయి తన కాళ్ల ముందు పడినా నమ్మనన్నాడు. ప్రసంగాల రుసుము మీద బతికే మనిషికి పండితుల నవ్వు కేవలం మాటల దెబ్బ కాదు. శ్రోతలు తగ్గితే ఆ నెల భోజనానికే లోటు. అయినా క్లాడ్నీ తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ పుస్తకం చదివి నవ్వనివారు ఇద్దరున్నారు. వారు గొట్టింగెన్ విద్యార్థులు, బ్రాండెస్, బెంజెన్‌బర్గ్. 1798 శరత్కాలపు రాత్రులలో వారు కొన్ని కిలోమీటర్ల ఎడంగా రెండు చోట్ల కూర్చుని 402 ఉల్కలను లెక్కించారు. వాటిలో ఇద్దరికీ కనిపించినవి 22 మాత్రమే. ఆ ఇరవై రెండూ చాలు. దీని మర్మాన్ని మన ప్రాంతంతో సులభంగా గ్రహించవచ్చు. ఆదిలాబాద్‌కు, కరీంనగర్‌కు నేరుగా కొలిస్తే దూరం సుమారు 150 కిలోమీటర్లు. ఆ రెంటికీ నడుమ, గోదావరి ప్రవహించే కడెం ప్రాంతం మీద ఒక అగ్నిగోళం వెలిగిందనుకొందాం. ఆదిలాబాద్‌వాసికి అది దక్షిణాన, కరీంనగర్‌వాసికి ఉత్తరాన కనిపిస్తుంది. ఇద్దరూ తల ఎత్తి చూసిన కోణం 45 డిగ్రీలైతే ఆ గోళం ఎత్తు 75 కిలోమీటర్లని త్రికోణమితి తెలిసిన విద్యార్థి వెంటనే చెప్పగలడు. దాని మోత సరిగ్గా కిందనున్న కడెం వాసులకు వినబడడానికే సుమారు 4 నిమిషాలు పడుతుంది. వెలుగుకు, మోతకు నడుమ వ్యవధి ఉందని చెప్పిన పల్లెటూరి సాక్షులు కల్పించలేదన్నమాట. ఆ విద్యార్థులు లెక్కించిన ఎత్తులు పదుల కిలోమీటర్లలో తేలాయి. వేగాలు గ్రహాల వేగాలతో పోల్చదగినవిగా ఉన్నాయి. ఆవిరులు మండితే అటువంటి ఎత్తులు, వేగాలు రావు.

నేడు ఉల్కల వేగం సెకనుకు 11 నుండి 72 కిలోమీటర్లని తెలుసు. ఈ లెక్క ఇప్పటికీ ఉపయోగపడుతూనే ఉంది. 2022 ఏప్రిల్ 2, ఉగాది పండుగనాటి రాత్రి, మహారాష్ట్రలోను, దానిని ఆనుకొని ఉన్న ఉత్తర తెలంగాణలోను ఆకాశాన మండుతున్న దీపాల వరుస వంటిది కనిపించింది. అది నెమ్మదిగా సాగింది. ముక్కలై చాలాసేపు వెలిగింది. ఉల్క అంత తీరికగా పోదు. ఆ రాత్రి ఆదిలాబాద్‌కు పొరుగునున్న చంద్రపూర్ జిల్లా సిందేవాహి ప్రాంతంలో పెద్ద లోహపు వలయం ఒకటి దొరికింది. అవి అంతకు ముందు ఏడాది చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ రాకెట్టు శకలాలని నిపుణులు గుర్తించారు. ఎంతసేపు వెలిగింది, ఏ దిక్కున పోయింది అన్న జనుల మాటలే అక్కడ కూడ మొదటి ఆధారం.

క్లాడ్నీ వాదానికి ఆకాశమే తోడు వచ్చింది. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే, 1794 జూన్ 16న ఇటలీలోని సియెనా వద్ద రాళ్లు పడ్డాయి. ముందురోజే వెసూవియస్ అగ్నిపర్వతం పేలడంతో పండితులు ఆ నేరాన్ని దాని మీదికి నెట్టారు. కొండ మాత్రం 300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. 1795 డిసెంబరు 13న ఇంగ్లాండులో వోల్డ్ కాటేజ్ వద్ద ఒక కూలివానికి కొద్ది గజాల దూరంలో 25 కిలోల రాయి నేలలో దిగబడింది. అక్కడ ఏ అగ్నిపర్వతమూ లేదు.

తీర్పును తిప్పిన సంఘటన మన దేశంలో జరిగింది. 1798 డిసెంబరు 19 రాత్రి 8 గంటల వేళ కాశీ నగర పరిసరాలలో పెద్ద అగ్నిగోళం కనిపించింది. ఉరుము వంటి మోత వినిపించింది. అంతకు ముందు వారం రోజులుగా ఆకాశంలో మబ్బుతునక లేదు కనుక పిడుగుపాటు అనడానికి వీలు లేదు. కాశీకి సుమారు 14 మైళ్ల దూరంలో, గోమతి నది ఒడ్డున ఉన్న క్రాఖట్ గ్రామస్థులు తెల్లవారి పొలాలకు వెళ్తే అక్కడక్కడ మట్టి పెళ్లగిలి ఉంది. తవ్వితే నల్లని పెంకు గల రాళ్లు దొరికాయి. ఒక కావలివాని గుడిసె కప్పును చీల్చుకొని రెండు పౌన్ల రాయి లోపల నేలలో దిగింది. కాశీలో నివసిస్తున్న జాన్ లాయిడ్ విలియమ్స్ అనే ఆంగ్లేయుడు ఈ సాక్ష్యాలను ఓపికగా సేకరించి, రాళ్లతో పాటు లండనుకు పంపాడు. క్లాడ్నీ పుస్తకం పేరైనా వినని ఆ కావలివాని మాట, క్లాడ్నీ పుస్తకంలోని సాక్షుల మాటతో అక్షరాలా కలిసింది.

లండనులో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు కాశీ రాయిని, సియెనా రాయిని, వోల్డ్ కాటేజ్ రాయిని, బొహీమియాలో 1753లో పడిన మరొక రాయిని పక్కపక్కన పెట్టి పరీక్షించాడు. నాలుగింటిలోను ఒకే తీరు నిర్మాణం, నికెల్ కలిసిన ఇనుప రేణువులు! భూమి మీది సాధారణ శిలలలో అటువంటి లోహం ఉండదు. పాలస్ ఇనుములోను నికెల్ బయటపడింది. 1802లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మరుసటి ఏడు ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని లేగ్ల్ పట్టణ పరిసరాలలో మూడువేల దాకా రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం బియో అనే యువశాస్త్రజ్ఞుని పంపింది. ఆయన గ్రామగ్రామానికీ తిరిగి రైతులను, చర్చి గురువులను, ఆడవారిని, పిల్లలను వేరువేరుగా విచారించాడు. రాళ్లు దొరికిన చోట్లకు పటం గీశాడు. క్లాడ్నీ గ్రంథాలయంలో చేసిన పనినే బియో పొలాలలో చేశాడు. ఆ నివేదికతో ఐరోపాలో వివాదం దాదాపు ముగిసింది.

ఆ తరువాత తెలుగునేల మీద రాళ్లు పడినప్పుడు వాటిని చూసినవారిని ఎవరూ పరిహసించలేదు. 1852లో నెల్లూరు ప్రాంతంలో యాటూరు రాయి పడింది. 1870 జనవరిలో నాటి విశాఖపట్టణం జిల్లాలో, పార్వతీపురం ప్రాంతాన పడిన ఇనుప ఉల్క నెడగొల్ల పేరుతో ప్రపంచ పట్టికలకెక్కింది. ఇనుప ఉల్క పడుతూండగా మనుషులు చూడడం మిక్కిలి అరుదు.

క్లాడ్నీ మిగిలిన జీవితం కూడ ప్రయాణాలలోనే గడిచింది. 1809లో పారిస్‌లో నెపోలియన్ ఎదుట ఇసుక ఆకృతులను ప్రదర్శించి, తన ధ్వనిశాస్త్ర గ్రంథాన్ని ఫ్రెంచిలో వెలువరించేందుకు 6000 ఫ్రాంకులు పొందాడు. యుద్ధాలలో విట్టెన్‌బర్గ్ చిక్కుకొనడంతో దగ్గరనున్న కెంబర్గ్ అనే చిన్న ఊరికి మకాం మార్చాడు. 1819లో ఉల్కల మీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆయన ఊహలన్నీ నిలబడలేదు. నేడు తెలిసినంతలో, నేల చేరే రాళ్లలో అధికభాగం కుజ, గురు గ్రహాల నడుమ తిరిగే లఘుగ్రహాల ముక్కలు. 1794లో వాటిలో ఒక్కటి కూడ మనుషులకు తెలియదు; మొదటిదైన సిరీస్ 1801 జనవరి 1న గాని కనబడలేదు. తెలియనిదానిని తెలియనట్లుగానే ఉంచి, సాక్షులు చెప్పినంత వరకే వాదించడం వల్ల ఆయన పుస్తకం నిలిచింది.

తిరిగిన ప్రతి ఊరిలోను ఆయన ఉల్కాశకలాలు సేకరించేవాడు. ప్రసంగాలలో వాటిని శ్రోతలకు చూపేవాడు. ఉద్యోగం, ఇల్లాలు, బిడ్డలు లేని ఆ మనిషి ఆస్తి అవే. 1827 ఏప్రిల్ 3న బ్రెస్లావ్ నగరంలో ప్రసంగయాత్రలో ఉండగానే 70 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. నలభై దాకా ఉన్న ఆ రాళ్లు, ఇనుప ముక్కలు వీలునామా ప్రకారం బెర్లిన్ విశ్వవిద్యాలయానికి చేరాయి.